ఇంటి కసువు, ఊరి కసువు

సీమలో ఇప్పుడు ఏ నలుగురు చేరినా ముందు నీళ్ల మాట, ఆ వెంటనే కసువు మాట. ఈ సంవాదంలోని ఇద్దరూ దగ్గరి చుట్టాలు. మామ సీమలోనే ఒక మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై కర్నూలులో స్థిరపడ్డాడు. తెల్లారకముందే మస్టరు వేయించి, కార్మికులను వీధులకు పంపిన మనిషి. మేనకోడలు కడపలో హైస్కూలు టీచరు. తన ఇంటి కసువులో చాలా భాగాన్ని గడప దాటనివ్వదు. ఇంట్లో చేసే పొదుపు ఊరికి అక్కరకు రాదని మామ అంటాడు. ఇంట్లో కానిది ఊళ్లో ఎట్లా అవుతుందని ఆమె అంటుంది. నా మొగ్గు ఆమె వైపే, దాచుకోను. అయినా మామ మాటలను తేలిగ్గా తీసేయడానికి లేదు. ఎన్నో ఏళ్లు ఆ పని దగ్గరుండి చేయించిన అనుభవం వాటి వెనక ఉంది.

మామ: పాపా, మనిషికి రోజుకు మూడు నాలుగు వందల గ్రాముల కసువని మేం లెక్క కట్టేవాళ్లం. 2011 జనాభా లెక్కల్లోనే కర్నూలు నాలుగు లక్షలు దాటింది, మీ కడప మూడు లక్షలు దాటింది. ఆ లెక్కన అప్పటికే కర్నూలులో రోజుకు నూటయాభై టన్నుల దాకా తేలుతుంది. అంత సరుకు గార్గేయపురం డంప్ యార్డుకు పోతాంటే, నువ్వు నాలుగు వంకాయ తొడిమెలు గుంతలో వేసి ఏం సాధిస్తావు?

మేనకోడలు: ఆ నూటయాభైలో సగం తడి కసువే అని చెప్పింది నువ్వే కదా మామా.

మామ: సగం ఉండాది. మామిడిపండ్ల కాలంలో సగానికి పైనే. బంగినపల్లి టెంకలు, తొక్కలు, రసం కారతా డబ్బా ఎత్తేదానికే కాదు.

మేనకోడలు: కంపు కొట్టేది ఆ సగమే. ఈగలను, కుక్కలను పిలిచేదీ అదే. పాత పేపర్లు, సీసాలు నెల రోజులు మూలన పడున్నా ఎవరికీ బాధ లేదు. వాటి మీద సాంబారు పడిందా, పాత సామాన్లాయన కూడా ముట్టడు. తడిది తాను చెడేది కాక పొడిదాన్ని కూడా చెడగొడుతుంది. అందుకే నేను టన్నుల జోలికి పోను. నా ఇంటి తడి నా ఇంట్లోనే ఆగితే, మిగిలింది కసువే కాదు, అమ్ముకునే సరుకు.

మామ: చెప్పేదానికి బాగుండాది. 2021 అక్టోబరు 2న క్లాప్ అని ఒక పథకం పెట్టి, ఇంటింటికీ మూడు డబ్బాలిచ్చినారు. తడికి పచ్చది, పొడికి నీలం, బ్లేడ్లు, బ్యాటరీలు, పాత మందులకు ఎర్రది. ఆ డబ్బాలు ఇప్పుడు యాడుండాయో చూసినావా? ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో పాత చెప్పులు.

మేనకోడలు: నీళ్లు పట్టుకున్నోళ్లను నేనేమీ అనను. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో మూత ఉన్న డబ్బా ఇస్తే ముందు నీళ్లకే వాడతారు. ఇచ్చినోళ్లు మన వీధులు చూసి ఇచ్చుండాల్సింది.

మామ: ఆ వెంట చెత్త పన్ను. జనానికి ఒళ్లు మండింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించినాడు. ఆ మరుసటేడు జనవరి 18న మీ జిల్లాలోనే, మైదుకూరులో, స్వచ్ఛాంధ్ర అని మొదలుపెట్టినాడు. నెలకో శనివారం. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పేరు, కొత్త రంగు. పాపా, నేను ఇట్లాంటివి శానా చూసినా. ఉన్నన్ని రోజులు గట్టిగా ఉంటాయి, ఆపైన చీపురు పట్టిన ఫొటోలు మిగుల్తాయి.

మేనకోడలు: అందుకే కదా నేను పథకాన్ని నమ్ముకోనిది.

మామ: అసలు కథ విను. నేను పనిచేసిన ఊళ్లో బండికి మధ్యలో అడ్డంగా రేకు ఉండేది, ఒకపక్క తడి, ఒకపక్క పొడి. రోడ్ల గుంతలకు ఆ రేకు ఊడింది. మళ్లీ బిగించినోడు లేడు. వేరువేరుగా తెచ్చిచ్చిన ఆడోళ్ల కండ్ల ముందరే రెండూ ఒకటిగా పోస్తిమి. నాలుగు రోజులు చూసినారు, వేరు చేసేది మానుకున్నారు. వాళ్లది తప్పంటావా?

మేనకోడలు: అనను. కానీ నా లెక్క వేరే. నేను బండికి తడి ఇవ్వనే ఇవ్వను. వాళ్లు కలిపితే కలపనీ, కలిపేదానికి నేనిచ్చిందాంట్లో తడి ఉంటే కదా!

చాలా వాదనలు ఇక్కడే దారి తప్పుతుంటాయి. వేరు చేసి ఇవ్వడం అంటే అవతల ఇంకో మనిషి, ఇంకో బండి, ఇంకో షెడ్డు సరిగా పనిచేయాలి. ఇందులో ఏది తెగినా ఇంట్లో పడిన శ్రమ బూడిదపాలు. తడిని ఇంట్లోనే ఆపడానికి ఇన్ని చేతులు అక్కర్లేదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటివాళ్లకు పెట్టిన మొదటి బాధ్యత కసువు వేరు చేయడం. ఆమె దాన్ని దాటి ఒక అడుగు ముందుకు వేసింది. మామ దీనికి సూటిగా బదులు చెప్పకుండా ఆమె పెరట్లోకి వెళ్లాడు.

మామ: నీకు పెరడుండాది కాబట్టి గుంత తీస్తివి. ఎంత లోతు?

మేనకోడలు: రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. అట్లాంటివి రెండు. ఒకటి నిండినాక మట్టి కప్పి, రెండోది మొదలుపెడతాం. ముందు పుస్తకంలో చూసి నేల మీద కుప్పగా వేసినా. కడప ఎండకు అది వారంలో ఎండి గలగలమంది. ఎండిన దిబ్బ కుళ్లదు మామా, అట్లే ఉండిపోతుంది. చల్లగా, తేమగా ఉండే ఊళ్లల్లో రాసిన పద్ధతి అది. మన దగ్గర నేల లోపలికే పోవాల, చెట్టు నీడ కావాల. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ దాంట్లోకే. ఒక పొర తడి, దాని మీద రాలిన ఆకు, ఎర్రగడ్డ పొట్టు. టెంకాయ పీచు, మామిడి టెంకలు వేరే పెడతా, అవి ఏడాదైనా కరగవు. మిగిలినవి మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా అవుతాయి. ఆ ఎరువు వేసిన వంగ మడి ఎండాకాలంలో కూడా రోజూ నీళ్లడగదు.

మామ: నల్లరేగడిలో ఆ గుంత వానాకాలం చెరువవుతుంది.

మేనకోడలు: అవుతుంది. నీ మాట నిజమే. రేగడిలో అయితే గుంత చుట్టూ గట్టు వేసి, పైన రేకు కప్పాల. మాది ఎర్రమన్ను, ఇంకిపోతుంది.

మామ: మా అపార్టుమెంటులో మన్నే లేదే! రెండో అంతస్తు. కుళ్లిన బకెట్టు బాల్కనీలో పెడితే పక్కింటాయన నా మీదికి వస్తాడు.

మేనకోడలు: పెయింటు బకెట్టుకు అడుగున, పక్కన చిల్లులు పెట్టు, కింద పాత పళ్లెం. అడుగున టెంకాయ పీచు. రోజూ వేసిన తడి మీద గుప్పెడు రంపపు పొట్టో, ఎండాకో చల్లు. మొదట్లో ఒకసారి పుల్లమజ్జిగ పోసినావంటే తొందరగా పట్టుకుంటుంది. తడి ఎక్కువైతేనే పురుగు, కంపు. వండిన అన్నం, చారు అందులో పోయద్దు. అసలు అన్నం మిగలకుండా వండితే పోసే పనే ఉండదు.

మామ: అన్నం మిగిలితే ఒకప్పుడు కుడితి గోలెంలోకి పోయేది. మీ అవ్వ ఇంట్లో కసువుబుట్ట అనేదే లేదు. కడుగునీళ్లు, గంజి, తొక్కలు అన్నీ కలిపి ఎనుములకు. పేడ, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన కసువు దిబ్బకు. వానలకు ముందు దిబ్బ బండికెక్కి చేనికి పోయేది. పాత చీరలు బొంతలైతాయి. అదంతా పోయింది. ఎనుములు పోయినాయి, పొయ్యి పోయి గ్యాసొచ్చె. నువ్వు ఆ కాలాన్ని పట్నంలో మళ్లీ తెస్తానంటావు.

మేనకోడలు: మళ్లీ తెమ్మని నేనడగను. ఆ ఇంట్లో పేడ ఎత్తింది, బొంత కుట్టింది, కుడితి మోసింది ఎవరు? అంతా ఆడోళ్లే. ఇప్పుడూ కసువు తగ్గించండని ఎవరైనా చెప్తే ఆ మాట వంటింటికే చెప్తారు. మా ఇంట్లో గుంత తిరగేసేది మా ఆయన, ఎండాకు ఏరేది పిల్లోళ్లు. ఈ పని నా ఒక్కదానిదే అయ్యుంటే నేనూ ఈపాటికి మానేసి ఉందును.

మామ: ఇంకో సంగతి కూడా చెప్పు మరి. ఆ పాత ఊళ్లల్లో దొడ్లు ఎత్తింది ఎవరు, ఊరి బయట ఎవర్ని పెట్టినారు అనేది. మీరు చెప్పే వెనకటి కథల్లో వాళ్లుండరు. నేను మస్టరులో పేర్లు పిలిచినన్ని రోజులూ ఆ ఇండ్ల బిడ్డలనే పిలిచినా. చట్టాలు మారె, బండ్లు వచ్చె, డబ్బాలో చెయ్యి పెట్టేది మాత్రం వాళ్లే.

ఈ మాట దగ్గర ఇద్దరూ కాసేపు ఒకే వైపు నిలబడ్డారు. మామ 2009 వరదల సంగతి చెప్పాడు. ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. నీళ్లు తీసినాక ఊరు కడగడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్మికులను తెచ్చారు. తన మనుషులతో మామా వెళ్లాడు.

మామ: వీధి వీధికీ మిద్దె ఎత్తు కుప్పలు. నానిన బియ్యం, పరుపులు, పిల్లోళ్ల పుస్తకాలు, బురద. ఇంట్లో ఎన్ని వస్తువులు పెట్టుకుంటామో ఆ రోజు తెలిసొచ్చింది నాకు. మా వాళ్లల్లో ఒకాయనకు పగిలిన ట్యూబులైటు అరచెయ్యి చీల్చింది. అది వరద రోజనుకో. మామూలు రోజుల్లో కూడా వారానికొకరికి చెయ్యి తెగేది. బ్లేడు, సిరంజి, పగిలిన గ్లాసు, అన్నం కవర్లో కట్టి పారేస్తారు. ఇంటోళ్లను నేనడిగేది ఒకటే పాపా. గాజు పగిలితే పేపర్లో చుట్టి, పైన గుర్తు పెట్టండి. ఆడపిల్లల ప్యాడ్లు విడిగా చుట్టివ్వండి. ఎరువు చేయకపోయినా పరవాలేదు.

మేనకోడలు: చూడు మామా, ఇంట్లో చేసేది ఊరికి అక్కరకు రాదంటివి. ఇది ఇంట్లోనే కదా చేయాల్సింది.

మామ: (కొంచెం ఆగి) ఇది అక్కరకు వస్తుంది. కానీ ఇది కసువు తగ్గించడం కాదు, మనిషిని కాపాడడం.

మేనకోడలు: రెండింటికీ ఒకే చెయ్యి, ఒకే డబ్బా.

ప్లాస్టిక్ దగ్గరికి వచ్చేసరికి మామ మళ్లీ తన పట్టు మీదికి వచ్చాడు. కంపెనీలు గుట్టలు గుట్టలుగా ప్యాకెట్లు వదిలి, తగ్గించమని ఇల్లాలికి చెప్పడం అన్యాయమన్నాడు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం తమ ప్యాకింగును వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే. అదే ఏడాది జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతా నిషేధం. ఆ డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు క్యారీబ్యాగూ చెల్లదు. అయినా సంతలో గోరుచిక్కుడు పల్చటి కవర్లోనే తూగుతోందని మామ అంటే, ఆమె కాదనలేదు.

మేనకోడలు: కంపెనీల మెడలు వంచాల్సిందే, నేనొద్దంటానా? అంతలోపల కవర్లు యాడికి పోతాయో చెప్తా విను. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అని జంతువుల కోసం పనిచేసేవాళ్లున్నారు. వీధి ఆవులకు కడుపు కోసి చూస్తే ఒక ఆవు కడుపులో 50 కిలోల పైనే ప్లాస్టిక్ దొరికింది. నాలుగు కడుపుల జంతువు, మింగింది కవరైతే బయటికి రాదు, ముద్దగా గట్టిపడుతుంది. మేత పట్టక చచ్చిపోతుంది. వాళ్లు 2012లో సుప్రీంకోర్టుకు పోయినారు. ఆవు కవరెందుకు తింటుంది మామా? దాంట్లో అన్నం ఉంటుంది కాబట్టి. అన్నం కవర్లో కట్టకపోతే ఆవు ఆ కవరు జోలికే పోదు.

మామ: తడి కథే మళ్లీ.

మేనకోడలు: అదే కథ. ఇంకొకటి. మీ కర్నూలు మీదుగా పోయే కె.సి. కెనాలు సుంకేసుల దగ్గర బయల్దేరి మా కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైన వస్తుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ. మీ ఊళ్లో కాలవగట్టు మీద నిలబడి విసిరిన కవరు ఎవరి తూముకు అడ్డం పడుతుందో ఆలోచించు. మా బుగ్గవంక సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020లో నివర్ తుపానుకు వంక పొంగి వీధుల్లోకి వచ్చింది. వానది, పైనుంచి వచ్చిన నీళ్లది పెద్ద పాత్రే. అయినా నీళ్లు తీసినాక మా సందు కాలువలో పారతో లాగితే వచ్చిందంతా కవర్లే.

మామ: అట్లయితే ఊరంతా నీలాగా చేస్తుందా? సూర్యాపేటలో 2003 ప్రాంతంలో కమిషనర్ ఖాదర్ గారు చేయించినారు. తడి వేరు, పొడి వేరు, ఎరువు తయారీ, దేశమంతా వచ్చి చూసిపోయినారు. బొబ్బిలిలోనూ చేసినారు. అక్కడ ఇంటోళ్లతో పాటు ఆఫీసు కూడా నిలబడింది. ఒంటిచేత్తో కాలేదు.

మేనకోడలు: సూర్యాపేట గురించి నేనూ అదే చెప్తా. ఆఫీసు నిలబడిన రోజు ఇండ్లు సిద్ధంగా ఉండబట్టే అయింది. మన ఊళ్లో ఆఫీసు ఎప్పుడు నిలబడుతుందో తెలీదు. ఆ రోజుకి మా వీధి సిద్ధంగా ఉండాలని నా ఆశ. మిక్చరు ప్యాకెట్లు ఇంట్లోకి తేవడం తగ్గించినాం, వాటిని పాత సామాన్ల కొట్టోళ్లు కూడా కొనరు. బొరుగులు, బుడ్డలు సంచీ తీసుకుపోయి విడిగా తెచ్చుకుంటాం. ఇంట్లోనే మిక్చరు కలుపుతాం. పాలప్యాకెట్లు కడిగి ఆరేసి కొట్టుకేస్తాం. ఇంతకుమించి గొప్ప పనేమీ లేదు.

మామ: సరే. ఇప్పుడు నువ్వు జవాబు చెప్పలేని ప్రశ్న అడుగుతా. ఎండాకాలం మా మనవరాలి పెళ్లి. ఎనిమిది వందల మంది. స్టీలు పళ్లేలు పెడితే కడిగేదానికి నీళ్లు ఎవరిస్తారు? మన సీమలో పారేసే ప్లేటు ఎందుకొచ్చిందనుకున్నావు, సోమరితనంతోనా? నీళ్లు లేక. ఒక పళ్లెం తోమి కడిగితే రెండు లీటర్లు పోతాయనుకో. ఎనిమిది వందల పళ్లేలకు పదహారు వందల లీటర్లు. రెండు పూటలకు ఎంత? ట్యాంకరు నీళ్లు కొనే ఊళ్లో కసువు తగ్గించాలా, నీళ్లు మిగిలించాలా?

ఈ ప్రశ్న నాకు ఈ సంవాదమంతటిలోనూ ముఖ్యమైనదిగా తోస్తుంది. కసువు గురించి బయట వినే సలహాల్లో ఎక్కువ భాగం, తిప్పగానే కొళాయి నీళ్లొచ్చే చోట పుట్టినవి. కడుక్కుని మళ్లీ వాడండి అని తేలిగ్గా చెప్తాయి. కర్నూలు, కడప ఎండాకాలంలో ఆ మాట ఉన్నదున్నట్టు చెల్లదు. నీళ్లు, కసువు ఒకే పద్దులో రాసుకోవాల్సిన ఊళ్లివి.

మేనకోడలు: పళ్లేలు వద్దు మామా. ఇస్తరాకు వేయి. మోదుగాకు ఇస్తరాకు కడగక్కర్లేదు. తిన్నాక దిబ్బకు పోతుంది. దానికన్నా నీళ్లు మిగిల్చేది ఇంకేముంది?

మామ: ఇప్పుడు అంగట్లో దొరికే ఇస్తరాకు కింద ప్లాస్టిక్ పొర అంటిస్తాండారు.

మేనకోడలు: అది వద్దు. పుల్లతో కుట్టిన ఆకు ఇప్పటికీ దొరుకుతుంది, కాకపోతే నెల ముందు చెప్పాల. పేపరు ప్లేటు, పేపరు గ్లాసు అంటే మాత్రం ఒప్పుకోను. లోపల పలచగా ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది ఎరువూ కాదు, అమ్ముడూ పోదు. ఇంకొకటి, తిన్న ఆకులు ఫంక్షన్ హాలు వెనక పడేస్తే లాభం లేదు. ట్రాక్టరు మాట్లాడి మన చేనికి తోలించాల. గ్లాసులూ కవర్లూ కలవకుండా ఏరేదానికి పందిరి దగ్గర ఇద్దర్ని నిలబెట్టాల.

మామ: సరే, ఆకులకు ఒప్పుకున్నా. వంట?

మేనకోడలు: ఎనిమిది వందలంటివి, వంటాయనకు వెయ్యి అని చెప్పింటావు.

మామ: పెళ్లిలో అన్నం చాలలేదంటే మాట పోతుంది.

మేనకోడలు: అన్నం, చారు కొంచెం కొంచెంగా రెండు విడతలు వండించు. బియ్యం కడిగి పెట్టుకుంటే రెండో విడత అరగంట పని. మొదటి పంక్తి లేచేసరికి జనం లెక్క తెలిసిపోతుంది. ఇస్తరికి లడ్డు, పూర్ణం, జాంగిరి అన్నీ ముందే పెట్టేయద్దు, అడిగి వడ్డించమను. పారేసే దాంట్లో సగం తీపి వస్తువులే.

మామ: ఇది వంటాయన వింటాడు, ఆయనకూ సరుకు మిగుల్తుంది. కానీ నీళ్ల బాటిళ్లు మాత్రం పెట్టాల్సిందే. చిన్న బాటిలు ప్రతి ఆకు దగ్గరా పెడితేనే మర్యాద అంటాండారు ఇప్పుడు.

మేనకోడలు: సగం తాగి వదిలేసే బాటిలు మర్యాదెట్లయితుంది? ఎనిమిది వందల బాటిళ్లల్లో సగం సగం నీళ్లు కాలవలో పోస్తాం, నీళ్లు లేవని ఏడ్చే ఊళ్లో. ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించి, స్టీలు గ్లాసులు పెట్టు. గ్లాసుకు పళ్లెమంత నీళ్లు పట్టవు. రెండు తొట్లల్లో ముంచి కడిగి, ఆ నీళ్లు చెట్లకు పోస్తే సరి.

మామ: రెండు తొట్లు చాలవు, మూడు కావాల. చివరిది వేన్నీళ్లు. ఎవరికైనా జబ్బు చేస్తే నా పేరు చెప్తారు.

మేనకోడలు: మూడు పెట్టు. ఇన్‌స్పెక్టరువి నువ్వు, నీకు తెలుసు.

మామ: మగపెళ్లివాళ్లు ఒప్పుకోరు పాపా. వాళ్లు హైదరాబాదు మనుషులు. బాటిళ్లు లేకపోతే చిన్నచూపు అనుకుంటారు. బస్సులో పోయేవాళ్లకు మాత్రం బాటిళ్లు ఇస్తా, దాంట్లో నీ మాట వినను.

మేనకోడలు: బస్సుకు ఇవ్వు. పంక్తిలో వద్దు.

మామ: ఆ మాట వాళ్లకు నేను చెప్పలేను. నువ్వే చెప్పుకో.

మేనకోడలు: చెప్తా. పెళ్లికొడుకు అమ్మ నంబరియ్యి.